చెరిపి రాసే విద్య

మార్కాపురం పలక చేరని తెలుగు బడి ఒకప్పుడు అరుదు. భూమి పొరల్లోని నల్లరాతిని పలుచగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగిస్తే దానిపై ఎన్నో తరాల పిల్లలు ఓనమాలు దిద్దారు. నోటుపుస్తకాల వాడకం పెరిగి బడిపలకకు గిరాకీ తగ్గినప్పుడు, ఆ పరిశ్రమ అదే రాతిని గోడలకూ నేలకూ అమర్చే అలంకార ఫలకాలుగా మలచడం నేర్చుకొన్నది. రాయి అదే, వినియోగం మారింది. రాతి స్వభావం ఎరిగిన చేతులకే ఆ మార్పు సాధ్యమైంది. నేటి వృత్తులలో ఈ పాఠం అత్యవసరమైనది సాఫ్ట్‌వేర్ వృత్తికే.

నల్లమల అంచున, వానను నమ్ముకొని బతికే పుల్లలచెరువు వంటి ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ మండలాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఒక కుటుంబం కనే పెద్ద కల. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ కల మరింత బలపడింది. చదువు ముగించిన పిల్లలు అమీర్‌పేట శిక్షణాకేంద్రాల బాట పట్టారు. బోరుబావికి అప్పు చేసినట్లే పిల్లల శిక్షణకూ అప్పు చేసే తల్లిదండ్రులు ఉన్నారు. అటువంటి ఇంట వినిపించే మొదటి ప్రశ్న, ‘ఏ కోర్సు నేర్చుకొంటే ఉద్యోగం వస్తుంది?’ అన్నది. ప్రశ్న సహజమే, కాని దాని వెనుక ఉన్న నమ్మకం సరైనది కాదు. ఒక కోర్సు ఒక జీవితకాలానికి సరిపోతుందనుకోవడమే ఆ పొరపాటు.

కోబాల్ భాష 1959లో, సి భాష 1972లో రూపుదిద్దుకొన్నాయి. పైథాన్ 1991లోనూ, జావా 1995లోనూ లోకానికి పరిచయమయ్యాయి. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాసినందువల్ల 2000 సంవత్సరం రాగానే లెక్కలు తప్పుతాయన్న భయం పుట్టింది. వాటిని సరిదిద్దే పనిలో ఎందరో తెలుగు యువకులు దేశవిదేశాలలో ఉపాధి పొందారు. గడువు దాటింది, ఆ పనీ తీరిపోయింది. ఆ ఒక్క నైపుణ్యాన్నే నమ్ముకొన్నవారు మళ్లీ మొదటి అక్షరం దిద్దవలసి వచ్చింది. మూలసూత్రాలు తెలిసినవారు మాత్రం కొత్త పనిముట్టును తొందరగా చేతికి తెచ్చుకొన్నారు.

ఇంతకూ సాఫ్ట్‌వేర్ నిపుణుని దినచర్య ఎటువంటిది? తెర ముందు కూర్చొని ఎడతెగక కోడ్ రాయడమే అతని పని అని చాలామంది భావిస్తారు. నిజానికి అతడు రాసేదానికన్నా చదివేది ఎక్కువ. ఇతరులు ఎన్నడో రాసిన దానిని అర్థం చేసుకోవాలి. వినియోగదారుని అవసరమేమిటో తరచి తరచి అడగాలి. తప్పు ఎక్కడ దాగిందో ఓపికగా వెదకాలి. తాను రాసినదానిని సహోద్యోగి పరిశీలించి లోపం చూపితే నొచ్చుకోక దిద్దుకోవాలి.

ఈ పనిలో తోడ్పడే ‘గిట్’ అనే సాధనాన్ని లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించాడు. ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు మార్చారో అది భద్రపరుస్తుంది. తెలుగు సాహిత్యం చదివినవారికి ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పండితులచేత పాఠభేదాలు పోల్పించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. సాధనాలు వేరు; పాఠాన్ని నిర్దోషంగా నిలపాలన్న శ్రద్ధ ఒక్కటే.

ఆ శ్రద్ధకు తోడు స్పష్టమైన ఆలోచన కావాలి. దానికి పునాది తెలుగు తరగతిలోనూ పడుతుంది. ఉకారానికి అచ్చు పరమైతే సంధి నిత్యం అన్నది ఉత్వసంధి నియమం. ‘రాముడు’, ‘అతడు’ కలిస్తే ‘రాముడతడు’ అవుతుంది. ‘ఈ నిబంధన నెరవేరితే ఈ కార్యం జరగాలి’ అన్న ఈ తీరే ప్రోగ్రామ్‌కు ప్రాణం. ‘ఏమి’ వంటి పదాల ఇకారానికి సంధి వైకల్పికం. ‘ఏమంటివి’ అయినా, ‘ఏమియంటివి’ అయినా సాధువే. మనిషి సందర్భాన్ని బట్టి ఒకదానిని ఎంచుకొంటాడు. యంత్రానికి ఆ వివేకం లేదు. ఎక్కడ ఏ రూపం కావాలో ప్రోగ్రామ్ రాసేవారే తేల్చి చెప్పాలి. సంధికార్యాన్ని బట్టీ పట్టక, దాని తర్కాన్ని గ్రహించిన విద్యార్థి తనకు తెలియకుండానే ఈ వృత్తికి మొదటి మెట్టు ఎక్కినట్లే. వృత్తిగ్రంథాలు ఎక్కువగా ఆంగ్లంలో ఉన్నాయి కనుక ఆ భాష తప్పక నేర్వాలి. అయితే ఆంగ్లం రాకపోవడం తీర్చుకోదగిన లోటే గాని, తెలివి లేకపోవడం కాదు. ఈ భేదం తెలియక ఎందరో పల్లె విద్యార్థులు తమను తామే చిన్నబుచ్చుకొంటున్నారు.

ఇందుకు డాక్టర్ రాజ్ రెడ్డి జీవితం మంచి ఉదాహరణ. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన ఆయన మద్రాసు గిండీ కళాశాలలో చదివినది సివిల్ ఇంజనీరింగ్. తరువాత కంప్యూటర్ శాస్త్రం వైపు మరలి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొందారు. యంత్రానికి మనిషి మాటను గుర్తించడం నేర్పే పరిశోధనలో అగ్రగణ్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకొన్నారు. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతిగా వ్యవహరించారు. పట్టా మీద రాసి ఉన్న శాస్త్రం దగ్గరే ఆగిపోయి ఉంటే ఈ కృషి సాధ్యమయ్యేది కాదు.

నేర్చుకోవడం ఉద్యోగం నిలుపుకోవడానికి మాత్రమే కాదు, బాధ్యత నిలుపుకోవడానికి కూడా. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియన్-5 రాకెట్టు తొలి ప్రయోగంలోనే, సుమారు 40 సెకన్లకు ధ్వంసమైంది. పాత ఏరియన్-4 కోసం రాసిన ప్రోగ్రామ్‌లోని ఒక భాగాన్ని కొత్త రాకెట్టులో వాడారు. కొత్త వేగానికి సంబంధించిన పెద్ద సంఖ్య దానికి కేటాయించిన చోటులో ఇమడలేదు. పాత పాఠాన్ని కొత్త సందర్భంలో పునఃపరిశీలించకపోతే ఎంత నష్టమో ఈ ఘటన చాటుతున్నది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత కృత్రిమ మేధ సాధనాలచేత కోడ్ రాయించుకోవడం విరివిగా సాగుతున్నది. ‘ఇక నేర్వడమెందుకు?’ అని కొందరు అడుగుతున్నారు. రాసి ఇచ్చే యంత్రం ఉన్నప్పుడు తప్పొప్పులు తేల్చగల మనిషి అవసరం మరింత పెరుగుతుంది. తప్పు జరిగితే జవాబు చెప్పవలసినది యంత్రం కాదు.

అయితే ఈ నిరంతరాభ్యాసపు భారమంతా ఉద్యోగి నెత్తిన వేయడం న్యాయం కాదు. విదేశీ వేళలకు తగినట్లు రాత్రులు పనిచేసి, కంటికీ మెడకూ వెన్నుకూ శ్రమ కలిగించుకొన్న యువతను మిగిలిన కొద్ది నిద్రను కూడా మానుకొని చదవమనడం నిర్దయ. అభ్యాసం వృత్తిలో భాగమైనప్పుడు పనివేళల్లోనే దానికి చోటు కల్పించడం సంస్థల ధర్మం. పల్లె కళాశాలలో పనిచేసే కంప్యూటర్లనూ, ప్రశ్నను ఆదరించే అధ్యాపకులనూ సమకూర్చడం ప్రభుత్వ బాధ్యత. కోర్సు పేరును చూసి అప్పు చేసే ముందు అది పిల్లవానికి ఆలోచించడం నేర్పుతుందా, మీటలు నొక్కడమే నేర్పుతుందా అని విచారించడం తల్లిదండ్రుల కర్తవ్యం.

పుల్లలచెరువు నుంచి పట్టణం చేరే యువతీయువకులకు కావలసిన పెట్టుబడి ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష పేరు కాదు. గణితంలో పట్టు, భాషలో స్పష్టత, తప్పును ఒప్పుకొనే వినయం. ఇవి ఉన్నవారికి ఏ కొత్త సాధనమూ పరాయిది కాదు. బాల్యంలో పలక మీద అక్షరం వంకర పోతే పిల్లలు దానిని చెరిపి మళ్లీ రాశారు. చెరిపినందుకు ఎవరూ సిగ్గుపడలేదు. పెద్దయ్యాక కూడా ఆ అలవాటును వదులుకోనివారికే ఈ వృత్తిలో భవిష్యత్తు ఉంది.