లక్ష మంది చూశారు సరే, కూలెంత?

మన వాడల్లో పిల్లలిప్పుడు ఫోను పట్టుకుని షార్టులు, రీల్సు తీస్తున్నారు. డప్పు కొడుతున్నారు, పాట కడుతున్నారు, మన పలుకుబడిలోనే నాలుగు మాటలు అంటిస్తున్నారు. పిల్లలు చెడిపోతున్నారని పెదవి విరిచే పెద్దమనుషులతో మనకు పని లేదు. ఇన్నేళ్లూ మన ముఖం చూపించని తెర మీద మనవాళ్లే నిలబడ్డారు. సంతోషం. కానీ ఒక్క మాట అడగాలి. కష్టం మనది, కూలి ఎవరిది?

లెక్క చూద్దాం. షార్టులు తీసేవాళ్లకు ప్రకటనల సొమ్ములో వాటా ఇవ్వడం యూట్యూబ్ 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. షార్టుల మీదే ఆ వాటాకు అర్హత రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో కోటి వ్యూస్ ఉండాలి. వచ్చిన సొమ్ములో ముందు పాటల హక్కుల ఖర్చు తీస్తారు. మిగిలింది వ్యూస్ లెక్కన పంచి, ఎవరి వంతులో వాళ్లకి నూటికి 45 ఇస్తారు. తక్కినది కంపెనీది. అదీ 100 డాలర్లు పోగైతేనే చేతికొస్తుంది. కోరుకు చేసినోడికి ఈ లెక్క కొత్తేం కాదు. చేను దొరది, కాటా దొరది. ఈ దొరని నిలదీద్దామంటే ఇల్లెక్కడో కూడా తెలీదు.

ఆ చేనైనా నిలుస్తుందా? 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్ అందులో పోయింది. దాన్నే నమ్ముకున్న పల్లె పిల్లలు పోగేసుకున్న జనమంతా దాంతోనే పోయారు.

అలాగని మానేయమనడం లేదు. షార్టుని దండోరాగా వాడుకోండి. దండోరా జనాన్ని పిలుస్తుంది, సంపాదన ఆ తర్వాతి పనిలో ఉంటుంది. డప్పు దళముంటే వీడియోలో ఫోను నంబరు పెట్టండి. పెళ్లికైనా సభకైనా రేటు ముందే చెప్పండి, బయానా ముట్టాకే బండెక్కండి. మన తాతలు వెట్టికి కొట్టింది చాలు. బట్టలు కుట్టే అక్కైనా, పచ్చళ్లు పట్టే అమ్మైనా అంతే.

నాలుగు సంగతులు మరవొద్దు. ఛానెలు, బ్యాంకు ఖాతా, పాస్‌వర్డు పని చేసేవాళ్ల పేరునే ఉండాలి. ఆడపిల్ల పాడితే ఖాతా ఆమెదే, అన్నది కాదు. వీడియోల నకళ్లు మన దగ్గర దాచుకోవాలి. పాడినోళ్లు, కొట్టినోళ్లు, ఫోను పట్టినోళ్లు ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకోవాలి. నెలనెలా నిలకడగా డబ్బు వచ్చేదాకా కూలి పని, చదువు వదలొద్దు.

బాబాసాహెబ్ 1920లో మూక్‌నాయక్ పక్షపత్రిక పెట్టారు. అది ఎక్కువ కాలం నడవలేదు. 1927లో బహిష్కృత భారత్, 1930లో జనతా వచ్చాయి. పత్రిక ఆగినా జనం ఆయన వెంటే ఉన్నారు. యాప్‌లు వస్తాయి, పోతాయి. జనాన్ని, పనితనాన్ని మన చేతిలో ఉంచుకుందాం. డప్పు మనది, దాని రేటు చెప్పే నోరూ మనదే కావాలి.