వైద్య పరిశోధనకు సారథులేరీ?

హైదరాబాద్: ప్రయోగశాలలో పుట్టిన ఔషధం రోగి చెంతకు చేరడానికి ఏళ్లు, ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది. ఈ దూరాన్ని దాటించే కృషినే ట్రాన్స్‌లేషనల్ పరిశోధన అంటారు. అనుమతులు, నిధులు, నమూనాల రవాణా, వివరాల నమోదు, రోగుల భద్రత... వీటిలో ఏ ఒక్కటి గాడి తప్పినా మిగతావన్నీ నిలిచిపోతాయి. అన్నింటినీ సమన్వయపరిచే ప్రాజెక్టు మేనేజర్ల వ్యవస్థకు మాత్రం మన బోధనాసుపత్రుల్లో తగిన చోటు దక్కడం లేదు.

మూడు దశాబ్దాల ప్రయాణం

చిన్నారుల్లో తీవ్ర విరేచనాలకు కారణమయ్యే రోటావైరస్‌ను అడ్డుకునే ‘రోటావాక్’ చుక్కల మందు చరిత్రే ఇందుకు నిదర్శనం. 1985-86లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె.భాన్ బృందం నవజాత శిశువుల్లో 116ఇ అనే వైరస్ రకాన్ని గుర్తించింది. అది సోకిన శిశువులు జబ్బుపడలేదు. పైగా తర్వాతి కాలంలో వారికి రక్షణ లభించింది. ఈ పరిశీలన టీకాగా రూపుదాల్చి సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేరేసరికి 2016 వచ్చింది. తొలి విడత నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

టీకా తయారీ హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌ది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థలు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, పాథ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇందులో భాగస్వాములు. 2011లో మొదలైన మూడో దశ పరీక్షల్లో ఢిల్లీ, పుణె, వెల్లూరు కేంద్రాల్లో 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. తొలి ఏడాదిలో తీవ్ర రోటావైరస్ విరేచనాలను టీకా సుమారు 56 శాతం నివారించిందని తేలింది. మూడు చోట్లా ఒకే నిబంధన, ఒకే నమోదు పద్ధతి పాటించకుంటే ఆ ఫలితాలను కలిపి లెక్కించడం సాధ్యమయ్యేది కాదు. సమన్వయం విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఖమ్మం నేర్పిన పాఠం

సమన్వయం కొరవడితే ఏమవుతుందో ఖమ్మం జిల్లా చూసింది. 2009లో అక్కడి బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు చేపట్టారు. నిర్వహించింది రోటావాక్ భాగస్వామి అయిన పాథ్ సంస్థే. కొందరు బాలికల మరణాలతో ఆందోళన రేగగా, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని నిలిపివేసింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అయితే తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేయడం, దుష్పరిణామాల నమోదు సక్రమంగా లేకపోవడం బయటపడ్డాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. సంస్థ ఎంత పేరున్నదైనా, క్షేత్రస్థాయిలో పత్రం నుంచి ఫలితం వరకు బాధ్యత వహించే వ్యక్తి లేకుంటే నష్టపోయేది ప్రజల నమ్మకమే.

భారమంతా ఆచార్యులపైనే

2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ పరీక్షల నిబంధనల ప్రకారం, పరీక్షల్లో తీవ్ర దుష్పరిణామం తలెత్తితే పరిశోధకుడు 24 గంటల్లో తెలియజేయాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి, పరీక్షల నమోదు, నిధుల వినియోగ ధ్రువపత్రాలు వీటికి అదనం. ఓపీ, తరగతులు, శస్త్రచికిత్సల నడుమ ఈ పని ఆచార్యుల మీదే పడుతోంది. తాత్కాలికంగా నియమించుకున్న సిబ్బంది ప్రాజెక్టు గడువు ముగియగానే వెళ్లిపోతారు. వారితో పాటే అనుభవమూ పోతుంది.

ఉద్దానానికీ ఇదే అవసరం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ వ్యాధికి మూలం నేటికీ నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. భవనం, పరికరాలు ఉన్నంత మాత్రాన జవాబు దొరకదు. వేర్వేరు బృందాలు సేకరించే రక్తం, నీరు, మట్టి నమూనాల వివరాలు ఒకే పద్ధతిలో నమోదు కావాలి. రోగులను ఏళ్ల తరబడి వదలకుండా పరిశీలించాలి. ప్రతి బోధనాసుపత్రిలో ఒక ప్రాజెక్టు మేనేజర్, ఒక సమాచార నిర్వాహకుడు, ఒక పరిశోధన నర్సుతో శాశ్వత విభాగం ఉంటే, అక్కడి పరిశోధనలన్నింటికీ అదే అండగా నిలుస్తుంది. పరిశోధన నిధుల్లో దీనికి విడిగా వాటా కేటాయించడం ప్రభుత్వాల ముందున్న తొలి కర్తవ్యం.