పండుటాకుకు యూరియా ఎందుకు?

వరి పాలు పోసుకునే వేళ కింది ఆకులు పసుపెక్కాయంటే చాలు, గట్టు మీద కంగారు మొదలవుతుంది. ఎరువుల కొట్టులో సలహా సిద్ధంగా ఉంటుంది: ఎకరానికి ఇంకో అర బస్తా యూరియా. పచ్చదనమే బలం, పసుపంటే జబ్బు అన్న ఈ నమ్మకాన్ని రైతు ఒక్కడి మీదకు తోసేయడం అన్యాయం. చదువుకున్నవాళ్లమూ చేను పచ్చగా కనిపిస్తేనే మురిసిపోతాం. కానీ ఆ దశలో ఆ నమ్మకం శుద్ధ తప్పు.

ఆకులోని నత్రజనిలో సుమారు ముప్పాతిక వంతు హరితరేణువుల్లోనే ఉంటుంది. అందులో పెద్ద వాటా రూబిస్కో అనే ఒక్క ప్రొటీన్‌ది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి చక్కెర తయారీకి అందించడం దాని పని. మొక్కకు అదే నత్రజని నిల్వ కూడా. గింజ కట్టే వేళకు మొక్క దాన్ని ముక్కలు చేయడం మొదలుపెడుతుంది. కొంత హరితరేణువులోనే తెగుతుంది. కొంత చిన్న చిన్న సంచుల్లో కణంలోని రిక్తికకు చేరి అక్కడి ఎంజైముల పాలవుతుంది. ఈస్టు కణాల్లో ఈ సంచుల గుట్టు విప్పినందుకే యొషినొరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ముక్కల్లోంచి వెలువడే అమ్మోనియా కణానికి విషం. గ్లుటమిన్ సింథటేజ్ దాన్ని అక్కడికక్కడే పట్టి గ్లుటమిన్‌గా మారుస్తుంది. ఆ రూపంలోనూ, ఆస్పరజిన్ రూపంలోనూ నత్రజని వెన్నుకు చేరుతుంది. వరి గింజలోని నత్రజనిలో సగానికి పైగా ఇలా ఆకులూ కాండమూ ఇచ్చిందే.

మరి పసుపు సంగతి? పత్రహరితాన్ని పట్టి ఉంచే ప్రొటీన్లను విడదీస్తే, ఒంటరిగా మిగిలిన పత్రహరితం వెలుతురు తగిలి కణాన్నే దెబ్బతీస్తుంది. అందుకే పాత ఇల్లు కూల్చే ముందు కరెంటు తీగ తెంపినట్టు, మొక్క ముందు దాన్ని విరగ్గొడుతుంది. వింతేమిటంటే, పత్రహరితంలో ఉన్న నత్రజనిని మొక్క వెనక్కి తీసుకోదు, రిక్తికలోనే వదిలేస్తుంది. మనల్ని భయపెట్టే ఆ రంగు అసలు పనికి దారి చేసే ఏర్పాటు మాత్రమే.

పచ్చగా ఉన్న ఆకల్లా పని చేస్తోందనుకోవడమూ పొరపాటే. మెండెల్ బఠానీల్లో పచ్చగింజ రకం గుర్తుందా? పత్రహరితాన్ని విరిచే ఏర్పాటులో ఒక జన్యువు చెడిపోవడమే ఆ పచ్చదనానికి కారణమని 2007లో తేలింది. ఆ రకం ఆకులు ముసలివైనా పచ్చగానే ఉంటాయి, లోపల చక్కెర తయారీ మాత్రం మామూలు రకాల్లో లాగే పడిపోతుంది. గోధుమ ఇంకా గట్టి సాక్ష్యం. ఆకును త్వరగా పండించే ఎన్‌ఏఎం జన్యువుల నోరు నొక్కితే మొక్క మూడు వారాలకు పైగా ఎక్కువ కాలం పచ్చగా నిలిచిందనీ, గింజలో మాంసకృత్తులు, జింకు, ఇనుము 30 శాతానికి పైగా తగ్గాయనీ 2006లో వెలువడిన పరిశోధన చూపించింది. చూపుకు పచ్చ, గింజకు పస్తు.

ఆకు పచ్చగా ఉన్నంతసేపూ గింజలో పిండి చేరుతుంది కదా అంటారు. నిజమే. వేళకు ముందే ఎండిపోతే నష్టమే. కరువులోనూ పచ్చగా నిలిచి గింజనిచ్చే జొన్న రకాలున్నాయి. అయితే ఆరోగ్యంగా ఉన్న వరిలో కింది ఆకులు ముందు పండుతాయి, పోటాకు చివరిదాకా పని చేస్తుంది. ఆ వరస తప్పితే కంగారు పడాలి. లేత ఆకులే ముందు పాలిపోతే లోపం ఇనుముదో గంధకానిదో కావచ్చు, యూరియా దాన్ని నయం చేయదు. పిలకలు వేసే దశలో కింది ఆకులు పసుపెక్కితే నత్రజని లోటును అనుమానించడం సబబే. వాదమంతా పూత దాటిన చేను గురించే.

అప్పుడు చల్లిన యూరియా గింజల సంఖ్యను పెంచలేదు, ఆ లెక్క పూతకు ముందే తేలిపోయింది. గింజలో మాంసకృత్తులు కాస్త పెరగొచ్చు గానీ, ధాన్యం కాటా దగ్గర వాటికి ధర కట్టేవాడు లేడు. అదనపు నత్రజనితో మెత్తబడ్డ మొక్క మాత్రం సుడిదోమకు విందు, గాలివానకు చేను పడిపోతుంది. బస్తా కోసం వరసలో చెప్పులు పెట్టి గంటలు నిలబడ్డ మనిషిని నేను తప్పుపట్టను. అతన్ని ఈ దశలో ఆ వరసలోకి పంపిన సలహాను తప్పుపడుతున్నాను. రంగు చూసే యూరియా వేయమని చెప్పే ఆకు రంగుల పట్టిక కూడా పూత మొదలవగానే చూడటం ఆపేయమంటుంది.