మీట మార్చేముందు మీటరు

అమెరికాలో పాత పికప్పు ట్రక్కులు నడిపేవారిలో చాలామంది ఎరిగిన సంకటమే ఇది. తాళం తిప్పితే దీపాలు వెలుగుతాయి, స్టార్టరు మాత్రం పలకదు. గేరు రాడ్డును పార్కు నుంచి న్యూట్రలుకు జరిపితే బండి స్టార్టవుతుంది. గత చలికాలం టెక్సస్‌లో నాకూ ఇదే ఎదురైంది. "గేరు స్విచ్చి పోయింది, మార్చేయండి" అన్నారొక మిత్రులు. "రెండు వైర్లు కలిపేస్తే సరి, స్విచ్చితో పనేముందండీ" అన్నారింకొకరు. ఈ రెండు సలహాలూ తప్పేనని నా అభిప్రాయం.

ఆటోమేటిక్ గేరుబాక్సు పక్కన బిగించే ఈ స్విచ్చి, గేరు ఏ స్థానంలో ఉందో కనిపెట్టి, పార్కు, న్యూట్రల్ స్థానాల్లోనే స్టార్టరును తిరగనిస్తుంది. బండి ముందుకో వెనుకకో కదిలే స్థానంలో గేరు ఉంటే స్టార్టరు పనిచేయరాదని 1968లో అమలుకు వచ్చిన అమెరికా భద్రతా ప్రమాణం 102 నిర్దేశిస్తుంది. వైర్లు కలపడమంటే ఆ కాపలాదారుని వెళ్ళగొట్టడమే. మా పిల్లలు బంతాట ఆడేది ఆ ట్రక్కు ముందరే!

అందుకే మొదట బ్యాటరీ సరిగా ఉందని చూసుకుని, ఇంజను ఆపి, చక్రాలకు అడ్డుపెట్టి, చేతిబ్రేకు బిగించి, స్విచ్చి కనెక్టరు ఊడదీశాను. మా ఆవిడ లోపల కూర్చుని బ్రేకు తొక్కిపట్టి రాడ్డు జరుపుతుంటే, సర్వీసు మాన్యువల్లోని వైరింగు పటం చూపిన రెండు పిన్నుల మధ్య మల్టీమీటరు పెట్టాను. న్యూట్రల్లో దాదాపు 0 ఓములు. పార్కులోనూ అంతే ఉండాలి. కానీ అక్కడ సర్క్యూటే కలవలేదు. పరికించి చూస్తే స్విచ్చి బోల్టు వదులై, స్విచ్చి కాస్త పక్కకు జరిగింది. న్యూట్రల్లో ఉంచి గుర్తులు కలిపి బిగించాను. మళ్ళీ కొలిస్తే పార్కు, న్యూట్రల్ రెండింటా 0. రివర్సులో, డ్రైవులో సర్క్యూటు తెగే ఉంది. ఖర్చు సున్న.

స్విచ్చి నిజంగా చెడితే మార్చవలసిందే. అయితే ఆ తీర్పు మీటరు చెప్పాలి, మన తొందర కాదు. చేతిలో టెస్టరు లేనిదే ప్లగ్గు ముట్టని మన ఊరి ఎలక్ట్రీషియనుకు తెలిసిన ఈ నీతిని, వస్తువు మొరాయించగానే కొత్తది కొనే అలవాటులో పడి మనం మరిచిపోతున్నామేమో. ఏమంటారు?