మార్కులున్నాయి, వ్యానే లేదు

అమెరికాలో ఉన్న తెలుగు మిత్రులతో మాట్లాడినప్పుడల్లా ఈమధ్య ఒక మాట వినబడుతోంది. "మావాడికి రిక్రూట్‌మెంట్ వస్తుందేమో చూస్తున్నాం" అని. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల తల్లిదండ్రులు వీళ్ళు. శని ఆదివారాలు టోర్నమెంట్లకి కారు నడుపుతారు. ఆట వీడియోలు కాలేజీ కోచ్‌లకి పంపుతారు. జవాబు కోసం ఎదురుచూస్తారు. ఆ ఆశను నేను తప్పుపట్టను. కానీ లెక్క చూస్తే భయం వేస్తుంది. అక్కడి కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ చెప్పే లెక్క ప్రకారమే, హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిల్లో ఏదో ఒక స్థాయి కాలేజీ జట్టులోకి చేరేది నూటికి ముగ్గురో నలుగురో. పెద్ద స్థాయి అయిన డివిజన్ వన్‌కి వెళ్ళేది దాదాపు నూటికి ఒక్కరు. డివిజన్ త్రీ కాలేజీలు, ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు ఆట కోసమని స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వవు.

నేనుండేది మలేసియాలో. ఆట పట్టుకుని కాలేజీ గడప ఎక్కాలనే ఆశ ఇక్కడి పిల్లలకూ ఉంది. అయితే ఇక్కడ ఆ గడప వేరే రకంగా ఉంది. మామూలు పిల్లలకి అది అమెరికా గడప కన్నా మేలైనదని నా అభిప్రాయం. దాన్ని మనవాళ్ళు వాడుకోవడం లేదన్నదే నా బాధ. బటాంగ్ బెర్జుంటైలో చూసిన సంగతి చెబితే ఇది అర్థమవుతుంది.

ఈ ఊరు కువాలా సెలాంగోర్ జిల్లాలో ఉంది. 2007లో బెస్టారి జయ అని పేరు మార్చారు గానీ పాతవాళ్ళ నోట పాత పేరే. ఇక్కడి తెన్నమరం తోటలో 1917లో ఆంరీ ఫోకొన్యే అనే ఫ్రెంచాయన పామాయిల్ నాటించాడు. మలయాలో వ్యాపారం కోసం ఆ చెట్టు పెంచడం అదే మొదలు. ఆయన మలయా జీవితం మీద నవల రాస్తే 1930లో ఫ్రాన్సులో గోంకూర్ బహుమతి వచ్చింది. మలయా తోటల్లో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది తమిళులు. మా విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి పడవెక్కినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మునిమనవలు ఇప్పుడు ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో పనిచేస్తున్నారు. కొన్ని కుటుంబాలు ఇంకా పాత తోట ఇళ్ళ పక్కనే ఉన్నాయి. 1999లో మొదలైన సెలాంగోర్ విశ్వవిద్యాలయానికి ఈ ఊళ్ళోనే ఒక ప్రాంగణం ఉంది. అంటే కాలేజీ అనేది ఈ పిల్లలకి సినిమాలో చూసే వస్తువు కాదు, రోజూ కంటికి కనబడేదే.

ఇక్కడ విశ్వవిద్యాలయ ప్రవేశానికి వేసే మెరిట్ లెక్కలో నూటికి తొంభై పాళ్ళు పరీక్షలకి, పది పాళ్ళు చదువు బయటి కార్యక్రమాలకి. ఆ పదిలో ఆటలొక భాగం. సంఘాలు, స్కౌట్లలాంటి యూనిఫారం దళాలు మిగతావి. హాజరుకి కొన్ని మార్కులు, జట్టులో బాధ్యతకి కొన్ని, బడి స్థాయి, జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి, ఇలా ఎంత పైకి వెళితే అన్ని ఎక్కువ. 2011లో ప్రభుత్వం ప్రతి విద్యార్థికీ ఒక ఆట ఉండాలని విధానం కూడా పెట్టింది.

దీన్ని మన వైపు పద్ధతితో పోల్చి చూడండి. ఆంధ్రలో ఇంజనీరింగు సీట్లలో ఆటల కోటా అర శాతం. రెండు వందల సీట్లుంటే ఒక్కటి. దానికి పెద్ద పెద్ద పోటీల్లో గెలిచిన సర్టిఫికెట్లు కావాలి. అక్కడైనా అమెరికాలోనైనా ఆట పనికొచ్చేది మేటి ఆటగాళ్ళకే. మలేసియాలో మాత్రం జిల్లా పోటీల్లో ఓడిపోయి వచ్చిన పిల్లకి కూడా ఎంతో కొంత మార్కు ఉంది. వారం వారం వచ్చి బంతి పట్టుకున్నందుకే మార్కు ఉంది.

ఆ మార్కు మన పిల్లలకి చిన్నది కాదు. డిగ్రీకి దగ్గర దారి అయిన మెట్రిక్యులేషన్ కోర్సులో తొంభై శాతం సీట్లు భూమిపుత్రులవి. 2019లో మొత్తం సీట్లు 25,000 నుంచి 40,000కి పెంచినప్పుడు కూడా ఆ నిష్పత్తి మారలేదు. మిగిలిన పది శాతంలో చైనీయులు, భారతీయులు, అందరూ ఉన్నారు. అక్కడ దొరకనివాళ్ళు ఆరో ఫారం చదివి ఎస్టీపీఎం పరీక్ష రాయాలి. అంత ఇరుకులో పదికి ఎనిమిది వచ్చిన పిల్లకీ, మూడు వచ్చిన పిల్లకీ మధ్య తేడా ఎంతో వేరే చెప్పాలా?

నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది. నాలుగో ఫారం. పేరు రాయను. మలేసియాలో బాస్కెట్‌బాల్ ఎక్కువగా చైనీయుల ఆట. వాళ్ళ బడుల్లో, వాడల్లో కోర్టు మన ఊళ్ళో రచ్చబండలాంటిది. తోటల్లో ఉన్నది ఫుట్‌బాల్ మైదానం. అయినా ఈ పిల్ల చైనీయుల అమ్మాయిల మధ్య ఆట నేర్చుకుంది. పొట్టిగా ఉంటుంది గానీ బంతి చేతికొస్తే ఎవరికీ దొరకదు. టీచరు కావాలని కోరిక. బడి జట్టులోకి తీసుకున్నారు. రెండు నెలలకి మానేసింది.

కారణం మార్కులు తగ్గడం కాదు. నెల జీతానికి మాట్లాడుకున్న స్కూలు వ్యాను బడి వదలగానే బయల్దేరుతుంది. ప్రాక్టీసు ముగిసేది సాయంత్రం. ఆ తర్వాత తోట వైపు వెళ్ళే బండి లేదు. తండ్రి ఫ్యాక్టరీలో కాపలా ఉద్యోగం, ఆ వేళకి డ్యూటీలో ఉంటాడు. చీకటి పడ్డాక పామాయిల్ చెట్ల మధ్య దారిలో ఆడపిల్లని ఒంటరిగా నడిచి రమ్మని ఏ తల్లి అంటుంది?

నేను ఆ తండ్రితో మాట్లాడాను. "ఈ బంతి అన్నం పెడతాదా బావూ?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. పది మార్కుల లెక్క చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "ఇది మాకెవరూ చెప్పలేదు" అన్నాడు తర్వాత. ఆ మాట నన్ను ఇంకా వదలడం లేదు.

"ముందు చదువు, తర్వాత ఆట" అనే పెద్దల మాటకి నేను వ్యతిరేకిని కాను. పంజాబ్‌లోని బల్లో కే గ్రామం నుంచి సత్నామ్ సింగ్ పద్నాలుగేళ్ళ వయసులో ఫ్లోరిడా అకాడమీకి వెళ్ళాడు. ఏడడుగులు దాటిన మనిషి. అంతటి ఆటగాడికి కూడా చదువు అర్హతల దగ్గర అమెరికా కాలేజీ దారి మూసుకుపోయింది. 2015లో నేరుగా ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి వెళ్ళి 52వ స్థానంలో ఎంపికై చరిత్రకెక్కాడు గానీ, ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క ఆటా ఆడలేదు. ఆట ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ మలేసియా లెక్కలో ఆట చదువుకి పోటీ కాదు, చదువు లెక్కలోనే ఒక భాగం. ఐదో ఫారం పరీక్షల పేరుతో పిల్లల్ని ఆట మాన్పించే తల్లిదండ్రులు తొంభై మార్కుల కోసం చేతిలోని పదిలో సగం పారేస్తున్నారు.

మన సంఘాలకి నా విన్నపం ఒకటే. ఏటా ఉగాదికో దీపావళికో ఆటల పోటీలు పెడతారు. హాలు, భోజనాలు, కప్పులు, శాలువాలు. పిల్లలు ఆనందిస్తారు, మంచిదే. కానీ బడి రికార్డులోకి ప్రధానంగా ఎక్కేది బడి తరఫున ఆడినదే. ఆ ఖర్చులో కొంత తీసి వారానికి రెండు సాయంత్రాలు ఒక వ్యాను మాట్లాడండి. పన్నెండు మంది పిల్లలు ఎక్కుతారు. ఆటే కాదు, స్కౌట్లూ సంఘాలూ కూడా బడి వదిలాకే జరుగుతాయి కాబట్టి అందరికీ పనికొస్తుంది. మూడో ఫారం పిల్లల తల్లిదండ్రుల్ని ఏడాదికోసారి కూర్చోబెట్టి ఈ లెక్క వాళ్ళ భాషలో చెప్పండి. ఏ కాగితం దాచుకోవాలో, దాని మీద ఎవరి సంతకం ఉండాలో చూపించండి.

బయటి దేశాల్లో ఉండి చదువుతున్నవాళ్ళు మీ చోట ప్రవేశాల లెక్క ఎలా ఉందో ఒకసారి తెలుసుకోండి. మీ ఇంట్లో పిల్లల కోసం కాకపోయినా, సాయంత్రం కారు రాని ఇంటి పిల్లల కోసం.

ఆ అమ్మాయికి ఇంకా ఏడాదిన్నర టైముంది. ఈ వారం ముగ్గురం కలిసి ఒక వ్యాను డ్రైవరుతో బేరమాడుతున్నాం. మంగళవారం, గురువారం. డ్రైవరు అడిగేది ఎక్కువేమీ కాదు, ఒక శాలువా, రెండు కప్పుల ఖరీదు.