ఈల యూదినవానికి రక్ష యేది?

అరచేత నిముడు వస్తువులలో ఈలకున్నంత పెత్తనము మరియొకదానికి లేదు. ఒక్క యూదుతో బండి కదలును, ఆట యాగును, పరుగిడు దొంగ వెనుక వీధి యంతయు మేల్కొనును. లండను నగరపు పోలీసులు పూర్వము చేత గిరగిర త్రిప్పెడి కొయ్య గిలకల చప్పుడుతో తోడివారిని పిలుచుకొనెడివారు. 1880వ దశకమున బర్మింగ్‌హాము పనివాడగు జోసెఫ్ హడ్సన్ చేసిన లోహపు టీల వారికి దక్కెను. నాటినుండి అది లోకమున పోలీసు కొలువునకే గుర్తయి కూర్చున్నది. అయితే ఈ పెత్తనము ఈలలో లేదు, ఊదువాని హోదాలో నున్నది. గార్డు ఊదిన నాజ్ఞ యనుచున్నాము. ఆ శబ్దమునే దారిని బోవు కుర్రవాడు చేసిన అల్లరి యని చెవి మెలిపెట్టుచున్నాము. ఎవరు ఊదవచ్చును, ఎవరిపై ఊదవచ్చును అను ప్రశ్నయే నేటి మా వ్యాసమునకు విషయము.

ముందు మాట సంగతి. ఆంగ్లమున విజిల్ అను నొక్క పదము చేయు పనిని మన భాష నాలుగింటికి పంచియిచ్చినది. పెదవులతో వేయునది ఈల. రైలు వేయునది కూత. తాటాకుతో చుట్టి పిల్లలు ఊదునది బూరయో, పీకయో. వంటింటి ప్రెషరు కుక్కరు మాత్రము ఇంగ్లీషు పేరుతోనే మూడు విజిళ్లు వేసి అన్నము ఉడికినదని చెప్పుచున్నది. గాలి సోకినప్పుడు మ్రోగు వెదురునకు అమరసింహుడు కీచకమని పేరు పెట్టెను. విరాటుని కొలువులోని వానికిని ఆ పేరే యుండుట యాదృచ్ఛికమో కాదో పండితులు తేల్తురు గాక. ఇంకొక వింత యున్నది. మనకు పీక యనగా ఊదు గొట్టమును, కంఠమును గూడ. ఆంగ్లేయులును చాసరు కవి కాలమునుండి గొంతుకను విజిలనియే వ్యవహరించుచు, దప్పి తీర్చుకొనుటను దానిని తడుపుకొనుట యందురు. ఊదు పీకకును, నొక్కు పీకకును రెండు భాషలలో నొకటే పేరు కుదిరినది.

సభ్యతలేని దనిపించుకొన్న ఈలకు మన రంగస్థలము పరువు తెచ్చినది. కల్యాణం రఘురామయ్య (1901–1975) వేణువు చేత బట్టకయే నోటి ఈలతో రాగములు పలికించి ఈలపాటను ఇంటిపేరు చేసికొనెను. ఆ తరువాత సినిమాశాలలోని నేల తరగతి ఈలయే కథానాయకుల భాగ్యమును నిర్ణయించినది.

రాజకీయములకు వచ్చినచో ఈల నానావిధములుగ మ్రోగుచున్నది. చిన్న స్టేషన్లలో బండి నిలుపుకొని ప్రసంగించుచు తిరుగుటకు అమెరికావారు ఈలయూరి యాత్రలని పేరు పెట్టిరి. 1948లో ట్రూమన్ గెలిచిన ఎన్నిక ఇందులకు ప్రసిద్ధము. ఫ్రాన్సిస్ గాల్టను 1876లో మనుష్యుల చెవికి అందని సన్నని ధ్వని చేయు ఈలనొకదానిని కల్పించెను. కుక్కలకది వినబడును. నేడు పైకి నిర్దోషముగ వినబడుచు, ఒక వర్గమువారికి మాత్రమే ద్వేషము నందించు ప్రసంగమును కుక్క ఈల యనుచున్నారు. మన నాయకులకు ఈ విద్య నొకరు నేర్పవలసిన పని లేదు. తెలుగునాట 2006లో పార్టీగా నేర్పడిన లోక్‌సత్తా ఈలనే గుర్తుగా బట్టి, అవినీతిని చూచి ఊదుడని జనులను పిలిచెను. 2009లో కూకటిపల్లినుండి దాని నాయకుడు జయప్రకాశ్ నారాయణ శాసనసభకు వెళ్లెను. తక్కిన నియోజకవర్గములలో ఈల వినబడలేదు.

స్వచ్ఛభారత ఉద్యమము సాగిన కాలమున పలు రాష్ట్రములలో తెల్లవారుజామున గ్రామముల పొలిమేరలకు నిఘా బృందములు ఈలలు పట్టుకొని పోయినవి. చెంబు చేతబట్టి బహిర్భూమికి పోవు పేదవాని వెంటబడి ఈల యూది సిగ్గుపరచుట ప్రభుత్వ కార్యముగ సాగినది. మరుగుదొడ్డి కట్టుకొన స్థలము లేనివానిపై, నీరు లేనివానిపై ఊదుటకు ఎవరికిని భయము కలుగలేదు. కాంట్రాక్టరుపై, పై యధికారిపై ఊదవలసివచ్చినప్పుడు కథ వేరు.

ఆట నడుమ ఈల యూది తప్పు పట్టునట్టు, తాను పనిచేయు సంస్థలోని అక్రమమును బయటపెట్టువానిని ఆంగ్లమున ఈల యూదువాడని యందురు. 1970వ దశకమున రాల్ఫ్ నేడర్ ఈ పదమునకు గౌరవము కల్పించెను. మాట క్రొత్తదైనను పని పాతది. తమ నౌకాధిపతి దుష్కృత్యములను తెలిపి చిక్కులపాలైన నావికుల పక్షమున అమెరికా కాంగ్రెసు 1778 జూలై 30వ తేదీననే తీర్మానము చేసి, అట్లు తెలియజేయుట సేవకులందరి విధి యని చాటెను. మన పత్రికలు ఇట్టివానికి ప్రజావేగు అని పేరిడినవి. మాట పొందికగా నున్నది గాని మాకు రుచించుట లేదు. వేగు రాజు పంపగా పోవువాడు. జీతము తీసికొని, మారువేషమున నితరుల గుట్టు తెలిసికొనువాడు. ఇతని నెవరును పంపలేదు. తన బల్లమీదికి వచ్చిన కాగితమును చదివి సంతకము చేయననినవాడు. వేగు అనిన వెంటనే వినువాని మనస్సున అనుమానము పుట్టును.

ఆ యనుమానము మనలో లోతుగనే యున్నది. ఇంటిగుట్టు లంకకు చేటని సామెత చెప్పి, కార్యాలయమున నోరు విప్పినవానిని విభీషణుడని వెక్కిరించుట పరిపాటి. రామాయణము చదివినవారు ఇట్లనరు. విభీషణుడు గుట్టు మోసికొని పోవుటకు ముందు నిండుకొలువులో అన్న యెదుట నిలిచి సీత నప్పగింపుమని హితము చెప్పెను. అవమానము పొందిన పిమ్మటనే సముద్రము దాటెను. లోపల వినువాడున్నచో అతడు వెలుపలికి పోవలసిన పని యుండెడిది కాదు.

సత్యేంద్ర దూబే కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన ఇంజనీరు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనులలో జరుగుచున్న అక్రమములను వివరించుచు 2002 నవంబరున ప్రధానమంత్రి కార్యాలయమునకు లేఖ వ్రాసి, తన పేరు రహస్యముగ నుంచ వేడెను. లేఖ పేరుతో సహా ఆయా శాఖలు తిరిగి, ఎవరిపై ఫిర్యాదో వారున్న చోటికే చేరెను. 2003 నవంబరు 27న గయలో అతని కాల్చి చంపిరి. దోపిడి యత్నమున జరిగిన హత్య యని తేల్చి 2010లో న్యాయస్థానము ముగ్గురికి శిక్ష విధించినది. ఆ తీర్పుతో మాకు వాదము లేదు. కాని లేఖ కప్పుడిచ్చిన రహస్యమెట్టిదో ఆ తీర్పు మార్చజాలదు. రెండేండ్లకు, 2005 నవంబరు 19న, కల్తీ పెట్రోలు అమ్ము బంకును మూయించిన ఇండియన్ ఆయిల్ ఉద్యోగి షణ్ముగం మంజునాథ్ ఉత్తరప్రదేశమందలి లఖీంపూర్ ఖేరీ జిల్లాలో హతుడయ్యెను.

దూబే లేఖ వ్రాయుటకు దాదాపు ఏడాది ముందుగనే, 2001 డిసెంబరున, తెలుగువాడగు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతనున్న న్యాయసంఘము తన 179వ నివేదికలో ఇట్టివారిని కాపాడు శాసనము చేయుమని ముసాయిదాతో సహా సూచించి యుండెను. అది బీరువాలో నుండగా మనిషి పోయెను. సుప్రీంకోర్టు అడిగిన పిమ్మట 2004 ఏప్రిలు 21న ప్రభుత్వము ఒక తీర్మానము ప్రకటించి, కేంద్ర విజిలెన్సు కమీషనుకు ఫిర్యాదులు గైకొను బాధ్యత యొప్పగించెను. అది శాసనము కాదు, కార్యనిర్వాహకోత్తరువు మాత్రమే. కేంద్రప్రభుత్వోద్యోగులకు, కేంద్ర సంస్థలకు తప్ప రాష్ట్ర ప్రభుత్వముల కొలువునకది వర్తింపదు. కావున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వముల తాలూకా కచ్చేరీలో అక్రమము గన్న గుమాస్తాకు ఆ తీర్మానము అక్కరకు రాదు.

శాసనము 2010లో బిల్లుగ ప్రవేశించి, 2011 డిసెంబరున లోక్‌సభను, 2014 ఫిబ్రవరిలో రాజ్యసభను దాటి, అదే సంవత్సరము మే 9న రాష్ట్రపతి యామోదము పొందెను. ఫిర్యాదుదారుని పేరు వెల్లడించిన యధికారికి మూడేండ్ల వరకు చెరసాల, ఏబదివేల రూపాయల వరకు జరిమానా. దురుద్దేశముతో అబద్ధపు ఫిర్యాదు చేసినవానికి రెండేండ్లు, ముప్పదివేలు. రాష్ట్రోద్యోగులపై ఫిర్యాదులకును ఇందు మార్గము చూపిరి. లోపములు లేకపోలేదు: పేరు లేని ఫిర్యాదు నంగీకరింపరు, వేధింపు అనగా నేమో నిర్వచింపలేదు. ఆ చర్చ యంతయు నిరర్థకమే. ప్రభుత్వము గెజెటులో తెలుపు తేదీనుండి ఇది అమలులోనికి వచ్చునని తొలి విభాగముననే వ్రాసికొనిరి; 2024 నాటికి పదేండ్లు నిండినను ఆ తేదీ తెలుపబడలేదు.

తేదీ యేల తెలుపలేదనగా దేశ రహస్యములకు భంగమని సమాధానము వచ్చినది. 2015 మేలో సవరణ బిల్లు తెచ్చి, సమాచారహక్కు చట్టమున మినహాయించిన విషయములను పోలిన పది తరగతులను ఫిర్యాదులనుండియు తొలగింపజూచిరి. లోక్‌సభ ఆమోదించినది, రాజ్యసభలో నిలిచిపోయి 2019లో సభారద్దుతో పడిపోయినది. ఈ పోలికలోనే పొరపాటున్నది. సమాచారహక్కు క్రింద వెల్లడి యగునది లోకమంతటికి. ఈ శాసనము క్రింద ఫిర్యాదు మూసిన కవరులో పోవునది ప్రభుత్వమే నియమించిన అధికారి యొద్దకు. తాను నియమించినవాని చేతిలో తన రహస్యము భద్రము కాదని ప్రభుత్వమే యనినచో ఇక చెప్పునదేమున్నది?

ఇంకొకటి. 2013 నాటి కంపెనీల చట్టము 177వ విభాగమున, స్టాకు ఎక్స్చేంజీలలో నమోదైన ప్రతి కంపెనీయు ఇట్టి ఫిర్యాదులకు ఏర్పాటు చేసి, ఫిర్యాదుదారునకు వేధింపునుండి రక్షణ నీయవలెనని ఇదే పార్లమెంటు ఆజ్ఞాపించినది. ప్రైవేటు షాహుకారునకు విధియైనది సర్కారునకు ఐచ్ఛికమైనది.

శాసనమును తిరుగవ్రాయ నక్కరలేదు, ధనము వెచ్చింప నక్కరలేదు. ఒకటవ విభాగము మూడవ ఉపవిభాగము క్రింద ఒక తేదీ వేసిన ప్రకటన గెజెటులో నచ్చయిన చాలును. పార్లమెంటు తదుపరి సమావేశమున మన రెండు రాష్ట్రముల సభ్యులు, పార్టీ భేదము లేక, ఆ తేదీ యేదని మొదటి ప్రశ్నగా నడుగవలెనని కోరుచున్నాము.