యానాం అంగళ్లు - గోదావరి వరద

గోదావరికి పెద్ద వరదలు సాధారణముగా జూలై, ఆగస్టు మాసములలో వచ్చును. 2022 జూలై వరద యానాం వీధులలోనికి ప్రవేశించినది. వరద నష్టమనగానే మనకు ఇండ్లును, పంటలును జ్ఞప్తికి వచ్చును. చిన్న వర్తకుడు వెంటనే తలపునకు రాడు. కిరాణా కొట్టులోనో, బట్టల కొట్టులోనో తడిసిన సరకు మరల అమ్ముడుపోదు. దానికై తెచ్చిన అప్పు మాత్రము తడియదు. ఇట్టి అంగళ్లను వరదకు తట్టుకొనునట్లు చేయుటకు పెట్టు ఖర్చు గిట్టునా అనునది మేము నేడు విచారింపదలచిన విషయము.

అంగడిని నీరు చొరని పెట్టెవలె చేయుటయే రక్షణ అని పలువురు తలచుచున్నారు. ఇది పొరపాటు. నిలిచిన నీరు ఒక మీటరు లోతున్నచో, గోడను ప్రతి మీటరు వెడల్పునకు సుమారు 500 కిలోల బరువుతో నెట్టును. లోతు రెండు మీటర్లయినచో ఆ బరువు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, అనగా 2,000 కిలోలు. చిన్న అంగళ్ల ఇటుక గోడలు దీనికి ఆగవు. కావున మూడడుగుల వరకే నీటిని వెలుపల ఆపవలెను. అంతకు మించినచో లోనికి రానిచ్చి గోడను దక్కించుకొనవలెను.

మూడడుగులలోపు నీటికి పెద్ద ధనము అక్కరలేదు. రోలింగు షట్టరు నీటిని ఆపలేదు. దాని ముందు ఇరుప్రక్కల ఇనుప గాడులు బిగించి, వరద వార్త వచ్చినప్పుడు పలకలను ఒకదానిపై నొకటి దింపి, సందులకు రబ్బరు పట్టీ వేయవచ్చును. మన తాతల నాటి కొట్లకు అంకెలు వేసిన పలకల తలుపులే ఉండెడివి. షట్టర్లు వచ్చి ఆ అలవాటును మాన్పినవి. అయితే ముందు వాకిలి మూసి వెనుక మురుగుగొట్టమును మరచినచో శ్రమయంతయు వ్యర్థము. నీరు ఆ దారిని వచ్చును. నీటిని ఎదురు రానీయని వాల్వు ఒకటి దానికి అమర్చవలెను. ఊరిన నీటిని తోడుటకు పెట్రోలుతో నడుచు చిన్న పంపు కావలెను, ఏలయన వరదనాడు కరెంటు ఉండదు. స్విచ్చిబోర్డులను ఎత్తునకు మార్చుట, క్రింది అరలకు ప్లైవుడ్డు బదులు కడపరాయి వేయుట, విలువైన సరకునకు అటక కట్టుట మిగిలిన పనులు.

గోదావరి మనకు ఒక ఉపకారము చేయుచున్నది, చెప్పి వచ్చును. భద్రాచలము వద్ద 43, 48, 53 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలు కలవు. 2022 జూలై 16న అచ్చట మట్టము 71 అడుగులు దాటినది. ఆ నీరు ధవళేశ్వరము చేరుటకు ఇంచుమించు ఒక దినము పట్టును, యానాం చేరుటకు మరికొన్ని గంటలు. బస్తాలను అటకకు ఎక్కించుటకు ఆ వ్యవధి చాలును. ఎవరు మోయవలెనో ముందే నిశ్చయమై యుండవలెను, అంతే.

ఇక లెక్క. పదియేండ్ల కొకమారు నీరు వచ్చుననియు, వచ్చినప్పుడు రెండు లక్షలు నష్టమనియు ఉదాహరణకు అనుకొందము. సగటున ఏటికి 20,000 రూపాయలు. పైన చెప్పిన పనులకు 60,000 ఖర్చై, నష్టములో సగము తప్పినచో, ఆరేండ్లలో పెట్టుబడి తిరిగివచ్చును. పాత అంగడి నేలనే ఎత్తు చేయుటకు నాలుగు లక్షలగునచో, నష్టమంతయు తప్పినను ఇరువదియేండ్లు పట్టును, అది గిట్టదు. క్రొత్తగా కట్టువారికి మాత్రము పునాదిలో కలుపుకొనిన ఎత్తు అన్నిటికంటె చవుక. ఎవరి లెక్క వారు వేసికొనవలెను. అంగడి మూతపడిన దినముల బేరమును అందులో చేర్చుట మరువరాదు.

ఇంత చిన్న లెక్క కూడ ఆచరణలోనికి రాకపోవుటకు కారణము అద్దె. పదునొకండు నెలల ఒప్పందముపై నున్న వర్తకుడు ఆరేండ్లకు ఫలమిచ్చు పనికి ఏల ఖర్చుపెట్టును? మునుగు సరకు తనది కాదు గనుక యజమానికి తొందర లేదు. మా అభిప్రాయములో నేలకు, గోడకు, గొట్టములకు చేయు పనులు యజమాని భరింపదగినవి. పలకలు, అటకలు, పంపు వర్తకునివి. వర్తకుడే అంతయు పెట్టినచో దానిని అద్దెలో తగ్గించుటయు, ఐదేండ్లకు తగ్గని ఒప్పందము వ్రాయుటయు న్యాయము. ఏడాదికి మించిన ఒప్పందమును రిజిస్టరు చేయింపవలసి యుండును; ఆ ఖర్చునకు వెనుదీయుట తగదు.

మూడడుగులు దాటిన వరదకు బీమాయే దిక్కు. 2021 ఏప్రిలులో అమలునకు వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్షా పాలసీ ఐదు కోట్ల వరకు ఆస్తిగల వ్యాపారములకు వర్తించును. వరద అందులో చేరియున్నది. సరకు బిల్లుల నకళ్లను ఫోనులోనైన దాచుకొనవలెను. సర్కారు సాయము మాట వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆంధ్ర ప్రభుత్వము మునిగిన చిన్న దుకాణములకు 25,000 రూపాయల వంతున ప్రకటించినది. యానాం పుదుచ్చేరి పాలనలోనిది. నది ఒక్కటియే అయినను ఆ ఉత్తరువులు ఇచ్చటికి చెల్లవు. ఇట్టి సాయమునకు ఇచ్చటి వర్తకులు పుదుచ్చేరిని అడుగవలెను, వరద తరువాత గాక ముందే.

పురపాలక సంఘము వారికి రెండు మనవులు. రోడ్డును మరల వేయునపుడు పాత పొరను గీకి వేయింపుడు. పొరపై పొర వేసినకొలది అంగడి గడప పల్లమగును, పలకలతో ఆపదలచిన మూడడుగులలో కొంత రోడ్డే మింగును. 2022 నాటి నీటిమట్టమును, చూచినవారు చెప్పగలిగి యుండగనే, ప్రతి వీధిలో ఒక గోడపై గీత గీయింపుడు. ఆ గీతనుబట్టి తన గడపకు ఎంత ఎత్తు పలక కావలెనో వర్తకుడు తానే కొలుచుకొనగలడు.